పేషెంట్ మాటను ఉన్నదున్నట్టు తీసుకోవాలా, పోలికగా తీసుకోవాలా?

పాకాల పిల్ల:

అందరికీ నమస్కారం. మాది పాకాల పక్కన పల్లె. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఇంగ్లండ్ పోవాలని ఓఈటీకి, అంటే ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షకు, చదువుకుంటున్నా. అక్కడ నర్సుగా రిజిస్టర్ కావాలంటే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింట్లో బి గ్రేడు, రైటింగ్‌లో సి ప్లస్ రావాలి. చదవడం, రాయడం నాకు పరవాలేదు. మందుల పేర్లు, జబ్బుల పేర్లు ఎంత పెద్దవి చెప్పినా విని రాసేస్తాను. నన్ను ఆపేస్తున్నది పేషెంట్లు మాట్లాడే మామూలు ఇంగ్లీషు.

ప్రాక్టీస్ ఆడియోలో ఒకామె డాక్టరుతో ఇలా అంటుంది: "ఐ హ్యావ్ బీన్ అండర్ ది వెదర్ ఫర్ వీక్స్, మై నీ ఈజ్ ప్లేయింగ్ అప్ అగైన్, ఐ యామ్ ఎట్ ది ఎండ్ ఆఫ్ మై టెదర్." ఇందులో 'టెదర్' ఒక్కటి తప్ప నాకు తెలియని మాట లేదు. వెదర్ తెలుసు, నీ తెలుసు, ప్లే తెలుసు. అన్నీ కలిపితే మాత్రం ఏం చెప్పిందో చిక్కలేదు. మోకాలు ఆడుకోవడమేంది అని ఆలోచించేలోపల డాక్టరు ఇంకో ప్రశ్న అడిగేశాడు, దాని జవాబు కూడా చెవిన పడకుండా పోయింది.

కోచింగ్‌లో జాతీయాల పట్టిక ఒకటి ఇచ్చినారు. డ్యూటీకి పోతూ బస్సులో అదే చదువుతాను. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్'తో మొదలవుతుంది. ఇప్పటిదాకా విన్న ఏ ఆడియోలోనూ ఆ మాట రాలేదు. వచ్చేవన్నీ పట్టికలో లేనివే.

వార్డులోనూ ఇదే పరిస్థితి. విదేశం నుంచి దర్శనానికి వచ్చిన ఒక పెద్దావిడ అలిపిరి మెట్లన్నీ ఎక్కి, ఆ మర్నాడు మా దగ్గర చేరింది. "పిన్స్ అండ్ నీడిల్స్ ఇన్ బోత్ ఫీట్, అండ్ మై కావ్స్ ఆర్ కిల్లింగ్ మి" అన్నది. డాక్టరు గారు "తిమ్మిర్లు, పిక్కల నొప్పి" అని కేస్ షీట్‌లో రాసుకున్నారు. ఆయనకు అంత తేలిగ్గా ఎలా అందింది?

నా ప్రశ్న ఏమంటే, ఒక మాట పోలికగా అంటున్నారని అసలు ఎలా పసిగట్టాలి? పసిగట్టాక, అర్థం తెలియకపోతే ఆ క్షణంలో ఏం చెయ్యాలి? పరీక్షలో నోట్స్ గడిలో పేషెంట్ మాట రాయాలా, దాని అర్థం రాయాలా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.


రేణిగుంట తమ్ముడు:

అక్కా, నాది ఆసుపత్రి పని కాదు, సాఫ్ట్‌వేర్ సపోర్టు. మా కాల్స్‌లోనూ ఇలాంటివి రోజూ వస్తాయి. ఆ మాట ఏ ఆటలో నుంచి, ఏ పనిలో నుంచి వచ్చిందో పట్టుకుంటే నాకు గుర్తుండిపోతుంది. అమెరికా క్లయింట్లు 'బాల్‌పార్క్ ఫిగర్' అంటే ఉజ్జాయింపు లెక్క, 'టచ్ బేస్' అంటే ఒకసారి పలకరించుకుని మాట్లాడుకోవడం. రెండూ బేస్‌బాల్ వైపు నుంచి వచ్చినవే. ఆ ఆట మనం చూడం కాబట్టి వెంటనే తట్టవు.

బ్రిటిష్ వాళ్ల దగ్గర మనకు ఒక సౌకర్యం ఉంది, క్రికెట్. 'స్టికీ వికెట్' మీద ఉన్నాననడం అంటే ఇరకాటంలో పడ్డానని. వానకు తడిసి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ ఎంత కష్టమో తెలిసినవాళ్లకు వివరించక్కర్లేదు. 'ఇట్ నాక్డ్ మి ఫర్ సిక్స్' అంటే ఆ వార్తకు కుదేలైపోయానని. మనం సిక్సర్ అనగానే కొట్టినవాడి సంబరం తలుచుకుంటాం, వాళ్లు ఇక్కడ దెబ్బ తిన్న బంతి పక్షాన మాట్లాడుతున్నారు. పెద్ద జబ్బు ఉందని తెలిసినవాళ్లు ఈ మాట అంటారు, మీకు పనికొస్తుంది. 'హి హ్యాడ్ ఎ గుడ్ ఇన్నింగ్స్' అంటే పెద్దాయన నిండుగా బతికి కన్నుమూశాడని.


గ్రీమ్స్‌పేట అక్క:

పాపా, నీ ప్రశ్న చూసినాక రాయకుండా ఉండలేకపోయినా. నేను చిత్తూరులో చదివి, వేలూరులో కొన్నేండ్లు చేసి, ఆ తరవాత ఇంగ్లండులో నాటింగ్‌హామ్ వైపు పెద్దవాళ్ల వార్డులో చాలాకాలం పనిచేసినాను. ఇప్పుడు గ్రీమ్స్‌పేటలో ఇంటి దగ్గరే ఉంటా, ఇంగ్లండు పోయే పిల్లలకు సాయంత్రాలు మాట్లాడే అభ్యాసం చేయిస్తా ఉంటా. కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

మొదట నీకు చెప్పాల్సింది, ఈ విద్య నీకు రాదనుకోవద్దు. నర్సింగ్ చదివేటప్పుడే నేర్చుకున్నావు. మెడికల్ సర్జికల్ పుస్తకం తీసి చూడు. కాఫీ గ్రౌండ్ వామిటస్, రైస్ వాటర్ స్టూల్స్, బటర్‌ఫ్లై ర్యాష్, మూన్ ఫేస్, బ్యారెల్ చెస్ట్, పిల్ రోలింగ్ ట్రెమర్, బార్కింగ్ కాఫ్. ఇవన్నీ ఏంది? పోలికలే గదా. కాఫీ గ్రౌండ్ వామిటస్ అని చదివినప్పుడు పేషెంట్ కాఫీ పొడి తిన్నాడని నువ్వు అనుకోలేదు. కడుపులో రక్తం కారి, అక్కడి ఆమ్లం తగిలి నల్లబడి, పలుకులు పలుకులుగా బయటికొచ్చిందని తెలుసుకున్నావు. కుక్క మొరిగినట్టు దగ్గే పసిబిడ్డను చూసి క్రూప్ ఏమో, గొంతు లోపల వాచిందేమో అని డాక్టర్ని పిలుస్తావు. పార్కిన్‌సన్స్ పేషెంట్ వేళ్ల మధ్య మాత్ర దొర్లిస్తున్నట్టు ఉంటే, లేని మాత్ర కోసం వెతకవు. ఇంగ్లీషులో పోలికను పోలికగా అందుకోవడం నీకు చేతనైన పనే. పుస్తకంలో అయితే అది పోలిక అని ముందే తెలిసి చదువుతావు. పేషెంట్ నోట్లోంచి వచ్చేసరికి ఆ ముందస్తు ఎరుక ఉండదు, అంతే తేడా.

ఇక రెండోది, నొప్పి. నొప్పికి సొంత మాటలు ఏ భాషలోనూ చాలవమ్మా. నొప్పి బయటికి కనబడదు, పక్కవాడికి తెలియదు. అందుకే బయట జరిగే పనులతో పోల్చి చెప్పుకోవాల్సి వస్తుంది. కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో రోనాల్డ్ మెల్జాక్ అనే ఆయన 1975లో నొప్పిని కొలిచే ప్రశ్నావళి ఒకటి ప్రచురించినాడు. పేషెంట్లు నొప్పికి వాడే 78 మాటలను 20 గుంపులుగా పేర్చినాడు. ఆ మాటలు చూస్తే స్టాబింగ్ అంటే కత్తి, డ్రిల్లింగ్ అంటే బెజ్జం వేసే యంత్రం, నావింగ్ అంటే ఎలుక కొరికినట్టు, షూటింగ్ అంటే తుపాకి, స్కాల్డింగ్ అంటే మరిగే నీళ్లు. కత్తి లేదు, తుపాకీ లేదు, అయినా ప్రతి ఆసుపత్రిలో డాక్టర్లు వీటిని పట్టుకునే జబ్బు దగ్గరికి పోతారు. నడుములోంచి కాలి దాకా షూటింగ్ పెయిన్ అంటే నరం నొక్కుకుందేమో చూస్తారు. పాదాల్లో బర్నింగ్ అంటే షుగర్ ఉందా అని అడుగుతారు.

మన పేషెంట్లు మాత్రం? "తొలిచేస్తాంది సిస్టర్", "మెలిపెట్టినట్టు నొస్తాంది", "నరాలు గుంజుతా ఉండాయి", "సూదులు పెట్టి గుచ్చినట్టుంది". మీ తిరుపతి రుయా ఆసుపత్రి ఓపీ దగ్గర ఒక గంట నిలబడి విను, ఆ 78 మాటలకు జతలు అన్నీ మన తెలుగులోనే దొరుకుతాయి. తలపోటు అంటాం, పోటు అంటే పొడవడమే గదా. ఇంగ్లీషు పిన్స్ అండ్ నీడిల్స్‌ను డాక్టరు గారు చటుక్కున పట్టుకున్నది అందుకే. ఆయన మాటల్ని చూడలేదు, మెట్లెక్కిన ముసలామె పాదాలకు ఏమై ఉంటుందో చూసినాడు. ముందు ఒళ్లు చూడు, తరవాత మాట చూడు.

పోలికను పసిగట్టేది ఎట్లంటే, మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటే అక్కడ అది కుదరదు, అదే గుర్తు. మోకాలు ఆడదు, పిక్కలు ఎవర్నీ చంపవు, కడుపులో సీతాకోకచిలుకలు ఉండవు. కుదరలేదని తెలిసిన క్షణమే ఆ మాటను పట్టుకుని వేలాడకుండా ముందుకు పోవాలి, ఆడియోలో అయితే మరీ. చాలాసార్లు పక్క వాక్యమే అర్థం చెప్పేస్తుంది. "మై నీ ఈజ్ ప్లేయింగ్ అప్" అన్న తరవాత "ఐ కాంట్ మేనేజ్ ది స్టెయిర్స్" అంటుంది. మెట్లెక్కలేక పోతాంది అంటే మోకాలు ఇబ్బంది పెడతాంది. నీకు అంతకు మించి ఏం కావాల? 'అండర్ ది వెదర్' అన్నదీ అంతే, ఒంట్లో బాగాలేదని.

కష్టం వచ్చేది ఉన్నదున్నట్టు తీసుకున్నా కుదిరే మాటలతో. 'హార్ట్‌బర్న్' అంటారు, అది గుండె జబ్బు కాదు, పులిసిన ఆమ్లం పైకి తన్నడం. మనమూ గుండెల్లో మంట అంటాం. అయితే నిజం గుండెపోటు వచ్చినవాళ్లు కూడా కొందరు గ్యాస్ మంట అనే అనుకుంటారు. అందుకని ఆ మాట విన్నప్పుడు పోలిక తెలుసు గదా అని ఊరుకోకూడదు, చెయ్యి లాగుతా ఉందా, చెమట పడతా ఉందా అని అడిగి తీరాలి. "ఫీల్స్ లైక్ ఆన్ ఎలిఫెంట్ సిట్టింగ్ ఆన్ మై చెస్ట్" అంటే మన "గుండె మీద బండ పెట్టినట్టుంది" అన్నదే. ఆ మాటతో పాటు పిడికిలి బిగించి రొమ్ముకు ఆనించి చూపిస్తే, అది గుండె నొప్పికి గుర్తు, దానికి పుస్తకంలో లెవిన్ సైన్ అని పేరే ఉంది. అట్లనే "ఎ కర్టెన్ కేమ్ డౌన్ ఓవర్ మై ఐ" అంటే కంటికి తెర అడ్డం పడిందని. అది కవిత్వం కాదు పాపా, కంటి వెనక రెటీనా ఊడుతోందేమో అని పరిగెత్తాల్సిన మాట. పోలిక అని తెలిసినంత మాత్రాన చిన్న విషయం అని కాదు.

మన మాటలోనూ ఈ చిక్కు ఉంది. "కళ్లు తిరుగుతున్నాయి" అన్నామంటే రెండు వేరే వేరే సంగతులు కావచ్చు. ఇంగ్లీషులో "ఐ ఫీల్ లైట్ హెడెడ్" అంటే సొమ్మసిల్లేటట్టు ఉందని, "ది రూమ్ ఈజ్ స్పిన్నింగ్" అంటే చుట్టూ గది గిర్రున తిరుగుతోందని. మొదటిదానికి బీపీ చూస్తాం, రెండోదానికి చెవి లోపలి సంగతి కూడా చూస్తారు. మన పేషెంట్‌ని "గది తిరిగినట్టా, పడిపోయేటట్టా?" అని అడగాల్సిందే. ఇంగ్లండులో అడగాల్సిన ప్రశ్నలు నువ్వు తిరుపతి వార్డులో ఇప్పటికే తెలుగులో అడుగుతా ఉన్నావు.

నాకు అన్నింటికన్నా ఎక్కువ జాగ్రత్త నేర్పినవి తగ్గించి చెప్పే మాటలు. ఇది ఏ పట్టికలోనూ ఉండదు. మనవాళ్లు నొప్పిని పెంచి చెప్తారు, "చచ్చిపోతున్నా సిస్టర్" అంటారు. అక్కడి పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆ పాత తరం, తగ్గించి చెప్తారు. "మస్ట్‌ంట్ గ్రంబుల్", "నాట్ టూ బ్యాడ్", "ఎ బిట్ సోర్", "జస్ట్ ఎ ట్విన్జ్". తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన తాతను ఎట్ల ఉందని అడిగితే "ఎ బిట్ ఆఫ్ ఎ ట్విన్జ్, డక్" అంటాడు. కొంచెం చురుక్కుమంటోంది అని. పక్కకి తిప్పబోతే దవడలు బిగుసుకుంటాయి, మంచం కమ్మీ పట్టుకున్న వేళ్లు తెల్లబడతాయి. సున్నా నుంచి పది లోపల ఎంత అని అంకె అడిగితే ఎనిమిది అంటాడు. నోరు ఒకటి చెప్తాంది, ఒళ్లు ఒకటి చెప్తాంది. అట్లాంటప్పుడు అంకె అడుగు, ముఖం చూడు, కదిలిస్తే ఎట్లుందో చూడు. "నాట్ టూ బ్యాడ్" అని రాసి పోతే ఆ తాత రాత్రంతా నిద్ర లేకుండా పళ్లు బిగబట్టుకుని పడుకుంటాడు. ఆ తరం వాళ్లు బెల్లు కూడా నొక్కరమ్మా, మనకు శ్రమ అని. నాకు ఇప్పటికీ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు పట్టేస్తుంది.

అన్నట్టు, 'డక్' అన్నది చూసి బెదిరిపోవద్దు. నాటింగ్‌హామ్, డర్బీ, స్టోక్ వైపు ఆడా మగా అందర్నీ అట్లనే పిలుస్తారు, ప్రేమగా. మనం కడుపున పుట్టిన కొడుకును నాయినా అని, కూతుర్ని తల్లీ అని పిలవడం లేదా?

సిగ్గుపడే మాటలు ఇంకొక గుంపు. 'మై వాటర్‌వర్క్స్' అంటే మూత్రం సంగతి. 'స్పెండ్ ఎ పెన్నీ' అంటే ఒంటేలుకు పోవడం, ఒకప్పుడు పబ్లిక్ టాయిలెట్ తలుపులో పెన్నీ నాణెం వేస్తేనే తెరుచుకునేది. 'డౌన్ బిలో' అంటే కింది భాగం. 'ది చేంజ్' అంటే ముట్లుడగడం. 'పాస్డ్ అవుట్' అంటే స్పృహ తప్పింది, 'పాస్డ్ అవే' అంటే పోయారు, 'పాస్ వాటర్' అంటే మూత్రం పోవడం. ఈ పాస్ మూడింటినీ కలిపేసుకోకుండా నోట్లో ఆడేదాకా చెప్పుకో. మన ఆడవాళ్లు "బయట ఉన్నా" అంటే నెలసరి అని మనకు ఎవరూ నేర్పలేదు, వింటా వింటా వచ్చింది. అవీ అంతే.

ఇక తెలియని మాట ఎదురైతే ఏం చెయ్యాలని అడిగినావు. అడుగు. వార్డులోనూ అడుగు, ఓఈటీ స్పీకింగ్‌లోనూ అడుగు. "వెన్ యు సే యు ఫీల్ వాష్డ్ అవుట్, కెన్ యు టెల్ మి వాట్ దట్ ఈజ్ లైక్ ఫర్ యు?" పేషెంట్ మాటే తిరిగి పేషెంట్‌కు అప్పజెప్తున్నాము, ఇంగ్లీషు రాలేదని ఎవరూ అనుకోరు. తన మాట శ్రద్ధగా విన్నదని సంతోషిస్తారు. స్పీకింగ్‌లో భాషకే కాదు, పేషెంట్ దగ్గర సమాచారం రాబట్టే తీరుకు, వాళ్ల వైపు నుంచి అర్థం చేసుకునే తీరుకు కూడా మార్కులు ఉంటాయి. అడిగితే అక్కడ లాభమే. అర్థమైనట్టు తల ఊపి ఊరుకునేదే ప్రమాదం.

పేషెంట్ మాటలు విని నోట్స్ గడులు నింపే లిజనింగ్ పార్ట్ ఏలో మాత్రం అడగడానికి లేదు. అక్కడ విన్న మాట విన్నట్టే గడిలో రాసెయ్యి. పిన్స్ అండ్ నీడిల్స్ అంటే పిన్స్ అండ్ నీడిల్స్ అనే రాయి, తిమ్మిరికి వైద్యపుస్తకంలో ఉండే పారెస్తీషియా అనే పేరుకు మార్చే పని పెట్టుకోవద్దు. అర్థం తట్టక ఆగిపోయేవాళ్లకు ఇది పెద్ద ఊరట, ఎందుకంటే అర్థం కాకపోయినా మాట రాయగలవు.


బైరాగిపట్టెడ మాస్టారు:

అక్కగారు వార్డు వైపు నుంచి చెప్పాల్సింది చెప్పేశారు. నేను ఇంగ్లీషు పాఠం చెప్పేవాణ్ణి, నావి రెండు మాటలు.

ఒకటి, జాతీయానికి ఆకారం గట్టిగా ఉంటుంది. విడదీస్తే విరుగుతుంది. 'పిన్స్ అండ్ నీడిల్స్' అంటారే గానీ ఒంటి మీద తిమ్మిరికి 'నీడిల్స్ అండ్ పిన్స్' అనరు, ఒక పిన్ను ఒక నీడిల్ అని లెక్క చెప్పరు. తెలుగులో పారిపోయినవాణ్ణి 'కాలికి బుద్ధి చెప్పాడు' అంటాం. 'చేతికి బుద్ధి చెప్పాడు' అంటే ఎవరికీ అర్థం కాదు. ఈ గట్టిదనమే మీకు ఆనవాలు. 'మై ఫీట్ ఆర్ కోల్డ్' అంటే పాదాలు చల్లగా ఉన్నాయని, దుప్పటి కప్పండి. 'ఐ హ్యావ్ గాట్ కోల్డ్ ఫీట్ అబౌట్ ది ఆపరేషన్' అంటే ధైర్యం జారిపోతోందని. మై పోయింది, అబౌట్ వచ్చింది. పాదాలు దేని గురించీ చల్లబడవు కదా, ఆ అబౌట్ దగ్గర చెవి నిలపండి.

రెండోది మీ పట్టిక సంగతి. విడివిడిగా బట్టీ పెట్టే బదులు కుదుళ్లు పట్టుకోండి. జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1980లో ఒక సంగతి విప్పి చూపించారు. రోజువారీ ఇంగ్లీషులో ఆరోగ్యం పైన ఉంటుంది, జబ్బు కింద ఉంటుంది. 'ఫెల్ ఇల్', 'కేమ్ డౌన్ విత్ ఫ్లూ', 'సింకింగ్ ఫాస్ట్' అన్నీ కిందికి. 'పికింగ్ అప్', 'ఇన్ టాప్ షేప్', 'అప్ అండ్ అబౌట్' అన్నీ పైకి. మనసుకూ అంతే, 'ఫీలింగ్ డౌన్', 'ఇన్ హై స్పిరిట్స్'. ఈ ఒక్క కుదురు తెలిస్తే ఇంతవరకు వినని మాట కూడా ఏ దిక్కుకు పోతోందో పోల్చుకోగలరు. మనకిది కొత్త కాదు. జబ్బున పడ్డాడు, మంచాన పడ్డాడు, లేచి తిరుగుతున్నాడు అంటాం. అదే దిక్కు.

మీకు తెలియని 'టెదర్' అంటే మేతకు కట్టేసిన పశువు పలుపు. తాడు పొడవున్నంత మేరా మేసింది, ఇక ముందుకు పోలేదు, వెనక్కి గడ్డి లేదు. ఆమె ఓపిక అక్కడికి వచ్చింది. పాకాల వైపు వాళ్లకు ఈ చిత్రం నేను గీసి చూపించక్కర్లేదు. అమెరికా వాళ్లు ఇదే సంగతికి 'ఎండ్ ఆఫ్ మై రోప్' అంటారు. డిక్షనరీలో వెతికేటప్పుడు 'ఎట్' దగ్గరో 'ఎండ్' దగ్గరో కాకుండా అరుదైన మాట దగ్గర, అంటే 'టెదర్' దగ్గర చూడండి. విద్యార్థుల కోసం వేసే మంచి డిక్షనరీల్లో ప్రతి మాట కింద జాతీయాలకు వేరే భాగం ఉంటుంది, అక్కడ ఒక ఉదాహరణ వాక్యం కూడా ఇస్తారు. అర్థం కన్నా ఆ వాక్యాన్ని నోట్‌బుక్కులో రాసుకోండి.


పాకాల పిల్ల:

అక్కా, మాస్టారు గారూ, తమ్ముడూ, మీ అందరికీ నమస్కారాలు. రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను. మా అవ్వ దగ్గర పలుపు తెంచుకోబోయే ఎనుము ఉండేది, 'టెదర్' ఇక నాకు మర్చిపోయే మాట కాదు.

అక్కా, ఒక్క సందేహం. నిన్నటి ఆడియోలో క్యాన్సర్ పేషెంట్ ఒకాయన "ఐ హ్యావ్ హ్యాడ్ ఇనఫ్" అన్నాడు. కాసేపటికి "దే విల్ బి బెటర్ ఆఫ్ వితౌట్ మి" అన్నాడు. మొదటిది భోజనం చాలని చెప్పడానికి కూడా అంటారు కదా. ఇలాంటి చోట నేను ఎంతవరకు పోవచ్చు? ఎక్కువ ఊహించుకుని అడిగితే బాధపడతారేమో.


గ్రీమ్స్‌పేట అక్క:

మంచి చోట ఆగినావు పాపా. ఇది పరీక్ష కన్నా పెద్ద సంగతి.

"ఐ హ్యావ్ హ్యాడ్ ఇనఫ్" ఒక్కటే అయితే ట్రే ముందు ఉందా, భోజనం అయిపోయిందా చూడు. ఆ రెండో మాట వచ్చినాక సందేహం లేదు. నేను లేకపోతేనే వాళ్లకు సుఖం అంటున్నాడు మనిషి. మన పెద్దవాళ్లు "నన్ను ఆ దేవుడు తీసుకుపోతే బాగుండు" అంటా ఉంటారు, మనం "ఊరుకో అవ్వా" అనేసి నీళ్ల గ్లాసు అందిస్తాం. అది చెయ్యొద్దు, అక్కడా ఇక్కడా కూడా. కుర్చీ లాక్కుని పక్కన కూర్చో. "యు సెడ్ దే వుడ్ బి బెటర్ ఆఫ్ వితౌట్ యు. ఆర్ యు హ్యావింగ్ థాట్స్ ఆఫ్ ఎండింగ్ యువర్ లైఫ్?" అని సూటిగా, మెత్తగా అడుగు. ఇక్కడ నువ్వు పోలికలు వాడొద్దు. పేషెంట్ చుట్టు తిప్పి చెప్పొచ్చు, నర్సు మాత్రం తేటగా అడగాల. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు, అట్ల జరగదని మానసిక వైద్యులు చెప్తారు. అడిగినందుకు చాలామంది గుండె తేలికపడి మాట్లాడతారు.

తరవాత ఆయన్ని ఒంటరిగా వదలకుండా ఇన్‌ఛార్జ్ నర్సుకు చెప్పు. నోట్స్‌లో నీ అర్థం రాయొద్దు, డిప్రెస్డ్ అని ముద్ర వెయ్యొద్దు. ఆయన అన్న మాట అన్నట్టే కొటేషన్లలో రాయి, ఏ టైముకు అన్నాడో రాయి. తరవాత వచ్చే డాక్టరు ఆ మాట చదివి తనే తేల్చుకుంటాడు.

స్పీకింగ్ గురించి ఇంక చెప్పి లాభం లేదు, చేసి చూడాల. ఇక్కడే మొదలుపెడతాం. నువ్వు వార్డు నర్సు. నేను రేపు పొద్దున ఆపరేషన్ ఉన్న ముసలామెను. నా మొదటి మాట: "ఐ హ్యావ్ గాట్ కోల్డ్ ఫీట్ అబౌట్ టుమారో, డక్." నువ్వేమంటావు?


పాకాల పిల్ల:

"ఇట్ ఈజ్ నాచురల్ టు ఫీల్ నర్వస్. వాట్ ఈజ్ ఇట్ అబౌట్ టుమారో దట్ వర్రీస్ యు మోస్ట్?"

ఇలా సరిపోతుందా అక్కా?


గ్రీమ్స్‌పేట అక్క:

సరిపోతుంది. భయం లేదు అని కొట్టిపారేయకుండా, ఏది భయపెడతాందో అడిగినావు. 'మోస్ట్' పెట్టినందువల్ల ఆమె ఒక్కటి ఎంచుకుని చెప్పాల్సి వస్తుంది, మాట ముందుకు జరుగుతుంది. మొదటి వాక్యం కొంచెం తొందరగా వచ్చింది, ఆమె పూర్తిగా చెప్పుకున్నాక అంటే ఇంకా బాగుంటుంది.

ఇప్పుడు నా రెండో మాట: "మై హస్బెండ్ వెంట్ ఇన్ ఫర్ ది సేమ్ థింగ్, అండ్ హి నెవర్ కేమ్ హోమ్."

దీనికి జవాబు తొందరపడి రాయొద్దు. డ్యూటీ దిగి, నిద్రపోయి లేచినాక రాయి.